విండోస్‌లో మిమ్మల్ని రోజూ విసిగించేది ఏమిటి? దానికి మీరేం చేస్తున్నారు?

ఈ ప్రశ్న అడిగినవారు కింద ఇంకో మాట కూడా రాశారు. విండోస్ 10 నుంచి 11కి మారాక ఏదీ ఉండాల్సిన చోట కనిపించడం లేదట. ఈ ఇబ్బంది తమకొక్కరికేనా, అందరికీ ఉందా అని అడిగారు. అందరికీ ఉందండి. విశాఖపట్నంలో మద్దిలపాలెం దగ్గర మాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు, శుభలేఖలు, కరపత్రాలు, పెద్దవాళ్ల పెన్షన్ కాగితాలు, రోజంతా ఇదే పని. దీనికి తోడు చుట్టుపక్కల వాళ్లు లాప్‌టాప్ చంకలో పెట్టుకొచ్చి "దీనికేటైందో చూడు బాబూ" అంటారు. తీరా చూస్తే చాలాసార్లు మిషన్‌లో ఏ లోపమూ ఉండదు. సిస్టం తనంతట తాను ఏదో మార్చేసి ఉంటుంది, ఆ సంగతి వాళ్లకు చెప్పి ఉండదు.

నాకు అసలు కోపం అక్కడే. స్లోగా ఉంటే ర్యామ్ వేసుకుంటాం, హ్యాంగైతే ఆగుతాం. కానీ నేను పెట్టుకున్నదాన్ని నన్ను అడగకుండా మార్చడం మాత్రం సహించలేను.

ముందు ప్రింటర్ సంగతి చెప్తాను. మా దగ్గర రెండున్నాయి. రోజువారీ పనంతా బ్లాక్ అండ్ వైట్ లేజర్ మీద నడుస్తుంది. రెండోది కలర్, అందులో ఎప్పుడూ ఫోటో పేపర్ పెట్టి ఉంటుంది. డిఫాల్ట్‌గా, అంటే ఏదీ ఎంచుకోకపోతే ప్రింట్ వెళ్లేదిగా, లేజర్‌నే పెట్టుకున్నాం. అయినా పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీసి ఇచ్చాక, ఆ తర్వాత వచ్చినవాళ్ల హాల్‌టికెట్ వెళ్లి ఫోటో పేపర్ మీద పడేది. పరీక్షకు టైమైపోతోందని ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, ఇక్కడ ఖరీదైన కాగితం వృథా. షాపులో కుర్రాడేమో "నేనేం ముట్టుకోలేదన్నా" అనేవాడు. నిజంగానే అతను ఏమీ ముట్టుకోలేదు. విండోస్ 10 నుంచి 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' అని ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, చివరిగా ఏ ప్రింటర్ వాడితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉండి లాప్‌టాప్ అటూ ఇటూ తిప్పేవాళ్లకు ఇది పనికొస్తుంది, కాదనను. రెండూ ఒకే బల్ల మీద ఉన్నచోట మాత్రం రోజూ తంటాయే. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్లి కిందికి జరిపితే ఆ స్విచ్ కనిపిస్తుంది. దాన్ని ఆపేసి, మీకు కావలసిన ప్రింటర్ తెరిచి 'సెట్ యాజ్ డిఫాల్ట్' నొక్కండి. ఆ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఈ బటన్ అసలు కనిపించదు. చాలామంది వెతికి వెతికి వదిలేసేది ఇందుకే.

ఇక తెలుగులో పని చేసేవాళ్లకు ఫాంట్ల బాధ ఉంది. ఇంగ్లీషులోనే పని చేసుకునేవాళ్లకు ఇది తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి సిస్టంతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చేది. గుడి కమిటీల కరపత్రాలు, అపార్ట్‌మెంట్ సంఘాల తీర్మానాలు, బడి ప్రశ్నపత్రాలు, ఇలా యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరంగానే గుర్తించే పద్ధతిలో) టైప్ చేసిన పాత ఫైళ్లు ఎన్నో అందులోనే ఉన్నాయి. విండోస్ 8తో నిర్మలా యూఐ అనే కొత్త ఫాంట్ వచ్చింది. విండోస్ 10కి వచ్చేసరికి గౌతమిని, వాణి అనే మరో తెలుగు ఫాంట్‌ని తీసుకెళ్లి, కావాలంటే వేసుకునే ఆప్షనల్ ఫీచర్లలో పెట్టారు. కొత్త లాప్‌టాప్‌లో పాత ఫైలు తెరిస్తే ఆ ఫాంట్ లేదని గట్టిగా చెప్పే నాథుడు ఉండడు. వర్డ్‌లో పైన ఫాంట్ పేరు దగ్గర గౌతమి అనే ఉంటుంది, కింద అక్షరాలు మాత్రం వేరే ఫాంట్‌వి. వాటి కొలత వేరు, వత్తుల కోసం లైన్ల మధ్య వదిలే ఖాళీ వేరు. దాంతో ఒక్క పేజీలో కుదిరిన కరపత్రం నాలుగు లైన్లు రెండో పేజీలోకి జారుతుంది. ఓసారి రిటైరైన మాస్టారొకరు పెన్‌డ్రైవ్‌లో ఉత్సవాల కరపత్రం తెచ్చారు. "ఇంట్లో చూసుకుంటే ఒక్క పేజీయే ఉంది నాయనా, ఇక్కడ దాతల పేర్లు ఎందుకు కిందికి పోయాయి?" అని చాలా నొచ్చుకున్నారు. దాతల పేర్లు రెండో పేజీలోకి పోవడం ఆ కమిటీలో చిన్న విషయం కాదు మరి.

దీనికి మందు సులువే. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అని వెతికి ఇన్‌స్టాల్ చేసుకోండి, గౌతమి, వాణి రెండూ వస్తాయి. బయట ప్రింట్ తీయించేటప్పుడు మాత్రం ఎప్పుడూ పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి. డీటీపీలో వాడే అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీ డిజైన్ ప్రోగ్రాంలో చేసినవాటి దారి వేరు. అవి యూనికోడ్ కావు కాబట్టి ఈ చిట్కా వాటికి పనిచేయదు.

తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిన్న చిరాకు. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది. వేరే షార్ట్‌కట్ కోసం వెళ్లిన వేళ్లు ఆ రెండింటినీ తాకినా అంతే, ఇంగ్లీషు లైను మధ్యలో తెలుగు ఒత్తులు దిగుతాయి. టైపింగ్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో 'ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్' తెరిచి ఆ జోడీని తీసేయండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష ఎలాగూ మారుతుంది, అది చాలు.

మా షాపుకు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు వస్తుంటారు. మెయిల్ చూడటం, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోవడం అన్నీ ఆయనే పట్టుబట్టి నేర్చుకున్నారు. చిన్న నోటుపుస్తకంలో వరసగా రాసుకున్నారు: "కింద ఎడమ మూల నొక్కాలి. పైకి లేస్తుంది. అందులో రెండో బొమ్మ." ఆ పుస్తకంతో ఆయన ఎవరినీ అడగకుండా పని చేసుకునేవారు. కొడుకు కొత్త లాప్‌టాప్ కొనిచ్చాక కింద ఎడమ మూలలో స్టార్ట్ లేదు. విండోస్ 95తో వచ్చిన ఆ బటన్‌ను 2012లో విండోస్ 8లో తీసేశారు. జనం గోల పెడితే మరుసటి ఏడాది 8.1లో తిరిగి పెట్టారు. 2021లో విండోస్ 11తో మధ్యకు జరిపారు. మధ్యలోనైనా ఒకచోట నిలుస్తుందా అంటే అదీ లేదు. తెరిచిన ప్రోగ్రాములు పెరిగేకొద్దీ బొమ్మల వరస రెండు వైపులా సాగుతుంది, దాంతో స్టార్ట్ కొంచెం కొంచెంగా ఎడమకు జరుగుతుంటుంది. ఆయన "ఏటి బాబూ, ఇందాక ఇక్కడున్నాది ఇప్పుడక్కడికి పోయింది" అంటే, అది ఆయన చూపు లోపం అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. టాస్క్‌బార్ (కింద బొమ్మలుండే పట్టీ) మీద రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్ చేశాను, పుస్తకంలో మొదటి లైను మళ్లీ పనికొచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు కొత్త సిస్టం కొనిస్తే దయచేసి మొదట ఈ పని చేయండి. ఇలాంటి మార్పు మనకు రెండు రోజుల చిరాకు, వాళ్లకైతే నేర్చుకున్న విద్యే పోయినట్టుంటుంది.

విండోస్ 11లో రైట్ క్లిక్ మెనూ కుదించేసినందుకు కూడా చాలామంది విసుక్కుంటారు. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది.

షట్‌డౌన్ గురించి చాలామందికి తెలియదు. "ఆపి మళ్లీ ఆన్ చేశాం, అయినా తగ్గలేదు" అని వచ్చేవాళ్లకు నేను రీస్టార్ట్ కొట్టి ఇస్తే ఒక్కోసారి అంతటితో సరైపోతుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో సిస్టం లోపలి భాగం పూర్తిగా ఆగదు. దాని స్థితిని డిస్క్‌లో దాచి, మళ్లీ ఆన్ చేయగానే అక్కడి నుంచే లేపుతుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. పేరు షట్‌డౌన్ అని పెట్టి పూర్తిగా ఆపకపోవడం నాకు తప్పుగానే తోస్తుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది వన్‌డ్రైవ్, అంటే ఇంటర్నెట్‌లో (క్లౌడ్‌లో) ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ వాళ్ల చోటు. ఫోల్డర్ బ్యాకప్ ఆన్ అయితే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఒక పెళ్లి ఫోటోలకే అది చాలదు, ఇక స్థలం కొనమని సందేశాలు మొదలు. దీన్ని ఆపేటప్పుడు తొందరపడకండి. ఆపాక డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించవచ్చు. ఫైళ్లు పోలేదు, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో డెస్క్‌టాప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ముందు వాటిని బయటికి కాపీ చేసుకుని, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాతే క్లౌడ్‌లో ఏదైనా డిలీట్ చేయండి. అక్కడ డిలీట్ చేస్తే ఇక్కడి వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనూ పోతుంది. పిల్లల చిన్నప్పటి ఫోటోలు పోయాయని ఒకావిడ షాపులో కూర్చుని ఏడవడం నేను చూశాను. రీసైకిల్ బిన్‌లో దొరికాయి కాబట్టి సరిపోయింది.

మళ్లీ విండోస్ 10కి వెళ్లిపోవాలా అంటే, వద్దనే చెప్తాను. దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, బ్యాంకు పనులు చేసే సిస్టంలో సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా ఉండకూడదు. అప్‌డేట్లను పూర్తిగా ఆపేయమని అడిగేవాళ్లకూ ఇదే చెప్తాను. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి యాక్టివ్ అవర్స్‌ను (సిస్టం తనంతట తాను రీస్టార్ట్ కాకూడని వేళలను) మీరే పెట్టుకోండి, 18 గంటల వరకు పెట్టుకోవచ్చు. మా షాపు తెరిచి ఉండే వేళలన్నీ అందులోకి వచ్చేశాయి, అప్లికేషన్ నింపుతుండగా మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవడం తప్పింది. ఏదైనా ఫారానికి చివరి తేదీ ఉన్న వారంలోనైతే 'పాజ్ అప్‌డేట్స్' కూడా నొక్కి, ఆ వారం దాటాక గుర్తుపెట్టుకుని తీసేస్తాం.