త్లాస్కాలా వాళ్లు తినని ఉప్పు

“ఐదారు వందల మంది స్పానిష్ సైనికులు అంత పెద్ద ఆజ్టెక్ సామ్రాజ్యాన్ని ఎలా కూల్చగలిగారు? తుపాకులు, గుర్రాలే కారణమా?” అని అడిగారు.

ఉద్యోగరీత్యా మెక్సికో నగరంలో మూడేళ్లు ఉన్నాను. అక్కడికి వెళ్లే నాటికి నాకు తెలిసిన కథ కూడా మీ ప్రశ్నలో ఉన్నదే. ఒక రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్క సీటు సహోద్యోగినితో, “మీ వాళ్లు గుర్రాలను చూసి భయపడిపోయారట కదా?” అన్నాను. ఆమె తినడం ఆపి, “మా వాళ్లంటే ఎవరు?” అని అడిగింది. ఆమెది త్లాస్కాలా. నగరానికి తూర్పున బస్సులో రెండు గంటల దూరం. 1519 సెప్టెంబరులో స్పానిష్ దండనాయకుడు కోర్టెస్ దండు ఆ నేల మీద అడుగుపెట్టినప్పుడు త్లాస్కాలా యోధులు ఎదురు నిలిచి పోరాడారు, మొదటి ఘర్షణలోనే రెండు గుర్రాలను చంపారు. “భయపడింది ఎవరో చెప్పు” అంది. ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఈ చరిత్ర వెంటే తిరిగాను.

ముందుగా, మనం ఆజ్టెక్ సామ్రాజ్యం అంటున్నది ఒకే జాతి, ఒకే దేశం కాదు. 1428 ప్రాంతంలో టెనోచ్‌టిట్లాన్, టెస్కోకో, త్లాకోపాన్ అనే మూడు నగరాలు కట్టిన కూటమి అది. వాటిలో పెద్దన్న టెనోచ్‌టిట్లాన్, అక్కడి జనం పేరు మెషీకాలు. గెలిచిన ఊళ్లలో చాలాచోట్ల పాత రాజునే ఉంచి కప్పం వసూలు చేసేవారు. నూలు వస్త్రాలు, కకావో గింజలు, మొక్కజొన్న, పక్షుల ఈకలు, జాగ్వార్ తోళ్లు: ఏ ఊరు ఏటా ఎంత ఇవ్వాలో బొమ్మల పుస్తకాల్లో లెక్క ఉండేది. పాలన తేలిక, లాభం ఎక్కువ. కానీ ఇలాంటి చోట కేంద్రం బలహీనపడిందని తెలిస్తే చాలు, కప్పం కట్టే ప్రతి ఊరూ తన దారి తాను వెతుక్కుంటుంది. తీరంలోని సెంపోవాలా ప్రాంతంలో టొటొనాక్ ప్రజలు కోర్టెస్ అండ చూసుకుని మెషీకా వసూలుదారులను బంధించింది అందుకే. టెస్కోకోలో 1515లో రాజు చనిపోయాక వారసత్వం కోసం అన్నదమ్ములు తగువుపడ్డారు. వారిలో ఇష్ట్లిల్‌షోచిట్ల్ చివరికి స్పానిష్ వాళ్ల పక్షం చేరాడు.

త్లాస్కాలా మాత్రం కప్పం కట్టడానికి ఒప్పుకోలేదు. అందుకు మెషీకాలు దాన్ని చుట్టూ దిగ్బంధించారు. లోపలికి పత్తి రాదు, ఉప్పు రాదు. ఎన్నో ఏళ్లు ఆ జనం ఉప్పు లేని కూడు తిన్నారు. పైగా, బలి ఇవ్వడానికి బందీలను పట్టుకునే ‘పూల యుద్ధాలు’ వాళ్ల మీద జరిగేవి. సహోద్యోగిని వాళ్ల ఊరికి తీసుకువెళ్లి ప్రభుత్వ భవనం గోడల నిండా ఉన్న చరిత్ర చిత్రాలు చూపించింది. ఆమె అక్కడ చెప్పినవాటిలో నా మనసులో నాటుకుపోయింది ఈ ఉప్పు సంగతే. మెక్సికోలో ఇప్పటికీ కొందరు త్లాస్కాలా వాళ్లను ద్రోహులంటారు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని మనం అంటాం. త్లాస్కాలా మెషీకాల ఉప్పు తినలేదు, తిననివ్వలేదు కూడా. అప్పటికి మెక్సికో అనే దేశమే లేదు, ఇక వాళ్లు దేనికి ద్రోహం చేసినట్టు? ఈ మాట నేను గట్టిగానే అంటాను.

ఇప్పుడు అసలు మలుపుకు వద్దాం. 1519 నవంబరు 8న కోర్టెస్ టెనోచ్‌టిట్లాన్‌లోకి వెళ్లాడు. కొద్ది రోజులకే మెషీకాల రాజు మోక్టెజుమాను నిర్బంధించాడు. మరుసటి ఏడు, తనను అడ్డుకోవడానికి క్యూబా నుంచి వచ్చిన మరో స్పానిష్ దండనాయకుడు నార్వాయెస్‌ను ఎదుర్కోవడానికి కోర్టెస్ తీరానికి వెళ్లిన సమయంలో, నగరంలో ఉండిపోయిన అతని అనుచరుడు అల్వరాడో టోష్కాట్ల్ పండుగలో నాట్యం చేస్తున్నవారిని ఊచకోత కోయించాడు. నగరం తిరగబడింది. మోక్టెజుమా చనిపోయాడు. 1520 జూన్ 30 రాత్రి పారిపోతూ స్పానిష్ వాళ్లు వందల మందిని పోగొట్టుకున్నారు. తుపాకులూ గుర్రాలూ గెలిపించేవైతే ఆ రాత్రే గెలిపించి ఉండాలి.

దెబ్బలు తిని, ఆకలితో వాళ్లు చేరింది త్లాస్కాలాకు. వాళ్లను వదిలి మా వైపు రండి అని మెషీకా రాయబారులు వచ్చారు. త్లాస్కాలా సేనాని యువ షికోటెన్కాట్ల్ అలాగే చేద్దామని వాదించాడు. పెద్దలు కాదన్నారు. కప్పం నుంచి మినహాయింపు, దోచిన సొత్తులో వాటా అడిగి పొత్తు కొనసాగించారు. మరుసటి ఏడు కోర్టెస్ ఆ యువకుణ్ని ఉరి తీయించాడు. ఆ సభలో మాట అటు తిరిగి ఉంటే కోర్టెస్ పేరు ఈ రోజు మనకు తెలిసేదే కాదేమో.

తర్వాత జరిగింది ముట్టడి. టెనోచ్‌టిట్లాన్ సరస్సు నడుమ ఉన్న నగరం. నీటి మీద పట్టు లేకపోతే దాన్ని గెలవలేరు. పదమూడు ఓడలకు కావలసిన కలప త్లాస్కాలాలో కోసి సిద్ధం చేశారు. వేల మంది కూలీలు ఆ విడిభాగాలను కొండల మీదుగా భుజాన మోసి టెస్కోకోకు చేర్చారు. ఆ బరువు మోసిన వాళ్లలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. ఆఖరి పోరులో స్పానిష్ వాళ్లు దాదాపు 900 మంది, వాళ్ల వెంట స్థానిక యోధులు పదుల వేల మంది. మంచినీటి కాలువ తెగ్గొట్టి, ఆహారం ఆపి, రెండున్నర నెలలు నగరాన్ని ఎండబెట్టారు. 1521 ఆగస్టు 13న మెషీకాల చివరి రాజు కువాటెమోక్ పట్టుబడ్డాడు. స్పానిష్ ఉక్కు కత్తులకు పనితనం లేదని నేను అనను. కానీ ఎండకూ చెమటకూ ఇనుప కవచాలు పక్కన పెట్టి, స్థానికుల దూది కుట్టిన చొక్కాలు తొడుక్కున్నది కూడా ఆ స్పానిష్ సైనికులే.

మశూచి గురించి చెప్పకపోతే ఈ సమాధానం అబద్ధమవుతుంది. 1520లో నార్వాయెస్ ఓడలతోపాటే అది వచ్చింది. మా నాయనమ్మ ముఖం నిండా మశూచి మచ్చలు ఉండేవి. ఇంట్లో ముగ్గురు పడకేస్తే మంచినీళ్లు ఇచ్చే దిక్కు లేకపోయిందని చెప్పేది. స్థానికులు తమ భాషలో రాయించిన కథనంలోనూ అదే కనిపించి నాకు ఒళ్లు జలదరించింది: కదల్లేకపోయారు, తిండి తెచ్చిపెట్టేవాళ్లు లేక ఆకలితో చనిపోయారు. మోక్టెజుమా తర్వాత మెషీకాల కొత్త రాజైన క్విట్లావాక్ గద్దెనెక్కి మూడు నెలలు కాకుండానే దానికి బలయ్యాడు. త్లాస్కాలా పెద్ద మాషిష్కాట్సిన్‌ను కూడా అదే తీసుకుపోయింది. పాత నాయకులు పోయిన చోట వారసులెవరో తేల్చే పెద్దరికం కోర్టెస్ చేతికి వచ్చింది.

కోర్టెస్‌ను దేవుడనుకున్నారన్న కథను మాత్రం దయచేసి వదిలేయండి. అతను స్పెయిన్ రాజుకు రాసిన ఉత్తరాల్లో స్థానిక దేవుడు కెట్సల్‌కోవాట్ల్ పేరే లేదు. అది దశాబ్దాల తర్వాత పుట్టిన మాట.

కోర్టెస్‌కు దుబాసీగా ఉన్న మలింట్సిన్ గురించి కూడా అడుగుతారని తెలుసు. ఆమెను 1519లో టబాస్కోలో మరో పంతొమ్మిది మంది స్త్రీలతో కలిపి కోర్టెస్‌కు కానుకగా ఇచ్చేశారు. అంతకు ముందే ఆమె బానిసగా చేతులు మారింది. అలాంటి మనిషి ఎవరి పక్షాన నిలబడాలని ఐదు వందల ఏళ్ల తర్వాత మనం తీర్పు చెబుతున్నాం? అక్కడ విదేశీ మోజు ఉన్నవాళ్లను ఆమె పేరు మీదుగానే ‘మలిన్చిస్టా’ అని తిడతారు. నా సహోద్యోగిని ఆ మాట వాడదు, తన ముందు ఎవరినీ వాడనివ్వదు.