ఎమ్మెస్ జబ్బుతో కరోనా రోజుల్లో ఉద్యోగం ఎలా చేశారు? ఆఫీసులో చెప్పడం మంచిదేనా?

ఇప్పుడు మళ్ళీ ఆఫీసుకు రమ్మంటున్నారని, జబ్బు సంగతి చెప్పాలా వద్దా అని అడిగారు కదా. నా సంగతి చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) ఉందని 2017లో తేలింది. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని. 2020 మార్చిలో జనతా కర్ఫ్యూకి ముందే ఖమ్మంలో అమ్మావాళ్ళింటికి వచ్చేశాను. "ఇంట్లో కూచుని పని, నీకింకేం హాయి" అనేవాళ్ళు అందరూ. అది సగమే నిజం. మెట్రో మెట్లు తప్పాయి సరే, ఆఫీసు ఏసీ కూడా పోయింది!

ఎమ్మెస్‌లో నరాల మీదుండే మైలిన్ పొర దెబ్బతింటుంది. అలాంటి నరాల్లో ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతాలు సరిగ్గా నడవవు. చూపు మసకబారుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి, ఒళ్ళు చల్లబడగానే మళ్ళీ మామూలే. 1890లో దీని గురించి రాసిన ఉత్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు పేరే దీనికి పెట్టారు. పాపం ఆయన ఖమ్మంలో మే నెల చూళ్ళేదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎడమ కంటికి ఎక్సెల్ షీటులో 3కీ 8కీ తేడా తెలిసేది కాదు. జీఎస్టీ లెక్కల్లో అలా కుదురుతుందా?

అందుకని అంకెల పనంతా తెల్లవారుజామున పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఫోన్లూ మీటింగులూ. కెమెరా ఆపేసి, రెండు కాళ్ళూ చన్నీళ్ళ బకెట్‌లో పెట్టి, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని ఆడిటర్లతో మాట్లాడేదాన్ని. కరెంటు పోతే కూలరూ నెట్టూ రెండూ పోయేవి, ఆ రోజుకి అంతే సంగతులు.

వేడికి వచ్చేదేదో, నిజంగా జబ్బు తిరగబెట్టిందేదో తెలుసుకోవడం ముఖ్యం. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త ఇబ్బంది 24 గంటలు దాటి ఉంటే డాక్టరుకి ఫోన్ చెయ్యాల్సిందే.

ఇక మందు. నేను ఆరు నెలలకోసారి ఎక్కించుకునే రిటుక్సిమాబ్ అనే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు మీద ఉన్నాను. ఏప్రిల్‌లో రావాల్సిన డోసుని డాక్టరే ఫోన్లో మాట్లాడి వాయిదా వేశారు. అది ఆయన నిర్ణయం. భయపడి మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటి ఎమ్మెస్ మందులు ఆపేస్తే జబ్బు ఇంకా జోరుగా తిరగబెట్టే ప్రమాదముంది. 2021లో టీకా కూడా ఆయన్నడిగే వేయించుకున్నాను. రిటుక్సిమాబ్ ఎక్కించుకున్న కొత్తలో టీకాకి యాంటీబాడీలు సరిగ్గా రావు కాబట్టి ముందు టీకా, తర్వాత డోసు.

ఆఫీసులో చెప్పడమా? మేనేజరుకి చెప్పాను. జబ్బు పేరుతో మొదలుపెడితే జనం గూగుల్లో వీల్‌చెయిర్ బొమ్మలు చూసి బెంబేలెత్తుతారు. అందుకే మెయిల్లో పని సంగతే రాశాను: "ఉదయం ఆరింటికే మొదలుపెడతాను, ఒంటిగంట నుంచి నాలుగు దాకా లెక్కల పని ఇవ్వకండి, గడువులు మారవు." ఆయన ఒక్క మాటలో సరే అన్నారు. హెచ్ఆర్ మాత్రం "అయితే జీతం కూడా సర్దుదామా?" అని అడిగింది. పని గంటలు అటూ ఇటూ జరిపాను గానీ తగ్గించలేదు కదా, జీతం ఎందుకు సర్దాలట? ఆ ముక్కే రాసి పంపాను, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎమ్మెస్ కూడా ఉంది. మీది ప్రభుత్వ ఉద్యోగమైతే, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని తీసెయ్యడం కుదరదు. ప్రైవేటులో ఆ రక్షణ అంత గట్టిగా లేదు గానీ సమాన అవకాశాల విధానం ప్రకటించాల్సిన బాధ్యత ప్రైవేటు సంస్థలకీ ఉంది. మీ కంపెనీది ఎక్కడుందో అడిగి చదవండి. రిజర్వేషన్ లాంటి వాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉందనే సర్టిఫికెట్ కావాలి. వైకల్యాన్ని పరీక్షించే సదరం క్యాంపులో బయటికి కనబడేది కొలుస్తారు గానీ మన అలసట ఎవరికి కనబడుతుంది! అందుకని ఎమ్మారై రిపోర్టులు, డాక్టరు ఉత్తరం తీసుకెళ్ళండి.

మీకైతే ముందు రెండు అడగమంటాను: ఎండెక్కకముందే వచ్చి పెందరాళే వెళ్ళిపోయే షిఫ్టు, పడమటి ఎండ పడని సీటు. రెండింటికీ కంపెనీకి పెద్ద ఖర్చేమీ లేదు. మీరు ఏ మందు మీద ఉన్నారో రాయలేదు, అది కూడా చెప్పండి.