ట్రైపాడ్ కొనే ముందు హెడ్ సంగతి చూడు తల్లీ

కెమెరా కొనేశాను మావయ్యా, మిగిలిన డబ్బుతో ఏదో ఒక ట్రైపాడ్ తీసుకుంటే చాలు కదా అని అడిగావు. చాలదమ్మా. కెమెరాని నాలుగేళ్లు తిరక్కుండానే మార్చేస్తావు, ట్రైపాడ్ మంచిదైతే ఆ తర్వాత వచ్చే కెమెరాలన్నిటినీ అదే మోస్తుంది. నా ట్రైపాడ్‌కి 19 ఏళ్లు, దాని మీద ఇప్పటికి 5 కెమెరాలు మారాయి.

కాళ్లు వేరు, పైన కెమెరాని పట్టుకుని తిప్పే హెడ్ వేరు. కొత్తవాళ్లందరూ ఎంత ఎత్తు లేస్తుందో చూసి కొనేస్తారు, షాట్ నిలబడేదీ పాడయ్యేదీ మాత్రం హెడ్ దగ్గరే. ఫొటోలకి వాడే, గుండు మీద అన్నివైపులా తిరిగే బాల్ హెడ్‌తో పాన్ చేయబోతే, అంటే కెమెరాని పక్కకి తిప్పబోతే, ముందు మొరాయిస్తుంది, కాస్త గట్టిగా తోస్తే ఒక్కసారిగా జారుతుంది, ఆ మొదటి కుదుపు ఎడిటింగ్‌లో ఎంత తంటాలు పడినా పూర్తిగా పోదు. వీడియోకి ఫ్లూయిడ్ హెడ్ కావాలి. లోపల గ్రీజులాంటి చిక్కటి ద్రవం ఉంటుంది, నువ్వు తిప్పుతున్నంతసేపూ అది ఒకే తీరుగా అడ్డుపడుతుంది. ఆ బిగువునే డ్రాగ్ అంటారు. డబ్బా మీద ఫ్లూయిడ్ అని రాసి ఉందని నమ్మేయకు, చవక హెడ్‌లు చాలావరకు ఉత్త రాపిడి మీదే నడుస్తాయి. హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా తోసి చూడు, బయలుదేరేటప్పుడు అంటుకున్నట్టు అనిపిస్తే అక్కడే వదిలెయ్.

కొనడానికి వెళ్లేటప్పుడు నీ కెమెరా వెంట తీసుకెళ్లు, ఉత్త బాడీ కాదు, లెన్స్, మైకు, మానిటర్, బ్యాటరీ అన్నీ తగిలించి. హెడ్ మీద పెట్టాక టిల్ట్ (కెమెరాని పైకీ కిందికీ వంచడం) డ్రాగ్‌ని, కౌంటర్‌బ్యాలెన్స్ (వంగిన కెమెరా బరువుని ఆపే లోపలి స్ప్రింగ్) మార్చుకునే వీలుంటే దాన్ని కూడా సున్నాకి తెచ్చి, రెండు చేతులూ కెమెరాకి దగ్గరగా ఉంచుకుని టిల్ట్ లాక్ తియ్యి. ముందుకి వాలుతుంటే కెమెరా కింద బిగించిన ప్లేటుని వెనక్కి జరుపు, వెనక్కి వాలుతుంటే ముందుకి. తిన్నగా నిలబడ్డాక కౌంటర్‌బ్యాలెన్స్ పెట్టి, 30 డిగ్రీలు కిందికి వంచి చెయ్యి వదులు. ఎక్కడ వదిలావో అక్కడే ఆగిందంటే ఆ హెడ్ నీ కెమెరాకి సరిపోయినట్టే. ఇంకా కిందికి జారిపోతోందంటే లోపలి స్ప్రింగ్ బలం చాలడం లేదు, పైకి లేచి వచ్చేస్తోందంటే బలం ఎక్కువైంది. అందుకే 2 కిలోల కెమెరాకి 10 కిలోలు మోసే హెడ్ మంచిదే కదా అనుకోవద్దు, ఆ స్ప్రింగ్‌ని తగ్గించుకునే వీలు లేకపోతే టిల్ట్ చేసిన ప్రతిసారీ దానితో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

కాళ్లలో నేను పట్టుబట్టేది బౌల్ గురించి, అంటే కాళ్ల పైన హెడ్ కూర్చునే గిన్నెలాంటి గుంట. 75 మిల్లీమీటర్ల బౌల్ ఉన్న కాళ్లు తీసుకో, పెద్ద కెమెరాలకైతే 100. కింద నాబ్ వదులు చేసి, మట్టం చూపే బుడగ మధ్యకి వచ్చేదాకా హెడ్‌ని సర్ది, బిగించేస్తే అయిపోతుంది. బౌల్ లేకపోతే చోటు మారినప్పుడల్లా మూడు కాళ్లూ విడివిడిగా సర్దుకుంటూ కూర్చోవాలి, ఈలోపు వెలుతురు కాస్తా పోతుంది. మధ్యలో పైకి లేచే కాలమ్ ఉంటే దాన్ని లేపకు, అక్కడే వణుకు మొదలవుతుంది. కార్బన్ ఫైబరా, అల్యూమినియమా అంటే, రోజూ నువ్వే మోసుకు తిరిగేటట్టయితే కార్బన్, లేకపోతే ఆ తేడా డబ్బు హెడ్ మీద పెట్టు.

ఇక వాడే పద్ధతి. ఒక కాలు లెన్స్ చూసే వైపుకి పెట్టు, మిగతా రెండింటి మధ్యా నువ్వు నిలబడతావు, కాలు తగిలి షాట్ పోదు. ఎత్తు కావాలంటే ముందు పైనుండే లావు గొట్టాలు లాగు, సన్నవి చివర్లో. గాలి ఉంటే బరువు వేలాడదీయి, కానీ ఆ సంచీ కొంచెం నేలకి ఆనాలి, లేదంటే అదే ఊగి కెమెరాని కూడా ఊపుతుంది.

పాన్ చేసేటప్పుడు షాట్ ఎక్కడ ముగుస్తుందో అటువైపు పాదాలు పెట్టి, నడుము పైభాగం మాత్రం మొదలయ్యే వైపుకి తిప్పుకో. అప్పుడు షాట్ సాగేకొద్దీ ఒళ్లు మెలి విడుతూ వస్తుంది, ఆఖర్లో చెయ్యి వణకదు. హ్యాండిల్‌కి ఒక రబ్బరు బ్యాండు తగిలించి దాన్ని లాగుతూ పాన్ చేసి చూడు, నీ చేతి అదురుని రబ్బరే మింగేస్తుంది. సెకనుకి 24 ఫ్రేములతో తీస్తుంటే ఒక వస్తువు ఫ్రేము ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లడానికి సుమారు 7 సెకన్లు పట్టాలి, అంతకంటే తొందరపడితే బొమ్మ అదురుతున్నట్టు కనిపిస్తుంది. మొదలుపెట్టే ముందు 5 సెకన్లు, ఆపాక 5 సెకన్లు కదలకుండా ఉంచు, ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఆ సెకన్ల విలువ తెలుస్తుంది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (కుదుపు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఆపెయ్, కొన్ని లెన్సులు నువ్వు కావాలని చేసిన పాన్‌ని కూడా కుదుపనుకుని వెనక్కి లాగుతాయి.

లాక్ గురించి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట బ్యాటరీ తెచ్చుకుందామని టిల్ట్ లాక్ వెయ్యకుండా పది అడుగులు వెళ్లాను. వెనక ఠప్పుమని చప్పుడు, తిరిగి చూసేసరికి కెమెరా ముందుకి వాలిపోయి, పొడుగు లెన్స్ ట్రైపాడ్ కాలికి కొట్టుకుని ఉంది. లెన్స్ మౌంట్, అంటే లెన్స్ కెమెరాకి తగులుకునే చోటు, వంగిపోయింది. ఆ రోజు షూటింగ్ అక్కడితో ఆగిపోయింది, ఆ లెన్స్ నాది కూడా కాదు. అప్పటినుంచి హ్యాండిల్ మీంచి చెయ్యి తీసే ముందు లాక్ వేస్తాను, రెండు సెకన్ల పనైనా సరే. అలాగని పాన్ బిగువుగా రావాలని లాక్‌ని సగం బిగించి తిప్పకు, లాక్ అరిగిపోతుంది. బిగువు కోసం ఉన్నది డ్రాగ్.

ఇసుకలో పెట్టి తీస్తే, కాళ్లు ముడిచే ముందు మంచినీళ్లతో కడిగి తుడువు. ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా గొట్టం కరకరమంటుంది.

రేపు కెమెరాకి అన్నీ తగిలించి తూచి, ఎంత బరువుందో నాకు మెసేజ్ పెట్టు. అది చూశాకే ఏ సైజు హెడ్ తీసుకోవాలో చెప్తాను, అప్పటిదాకా ఏదీ కొనకు.

మావయ్య