కుక్క డమ్మీని నీళ్ల ఒడ్డునే ఎందుకు వదిలేస్తుంది?

నేల మీద చక్కగా చేతికి తెచ్చిచ్చే లాబ్రడార్, నీళ్లలోంచి రాగానే డమ్మీని (శిక్షణలో పక్షికి బదులు విసిరే వస్తువు) ఒడ్డున పడేస్తోందంటే అది మొండితనం కాదు. ఒళ్లు దులుపుకోవాలి, నోట్లో వస్తువుతో దులుపుకోవడం దానికి ఇబ్బంది. అంతే.

కానీ వేటలో ఇది చిన్న తప్పు కాదు. గాయపడిన బాతును ఒడ్డున వదిలితే మళ్లీ నీళ్లలోకి జారిపోతుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ రిట్రీవర్ హంట్ టెస్టుల్లోనూ (వేటను తెచ్చిచ్చే కుక్కల పరీక్షలు) పక్షిని చేతికే అందించాలి.

ముందు పొడి నేల మీద, "హోల్డ్" అంటే మీరు తీసుకునేదాకా కదలకుండా పట్టుకోవడం నేర్పండి. దీన్ని చాలామంది విసుగొచ్చి దాటేస్తారు, అసలు తేడా అక్కడే వస్తుంది. తర్వాత నీళ్ల అంచునే, అవసరమైతే మోకాలి లోతులో నిలబడండి. కుక్క కాళ్లు నేలకు తగిలి, తల ఊపబోయే ముందే డమ్మీ తీసుకోండి. ఆ తర్వాతే దులుపుకోనివ్వండి (మీ బట్టలు తడుస్తాయి, తప్పదు). కుదిరాక రోజుకు ఒకటి రెండు అడుగులు వెనక్కి జరగండి. మళ్లీ పడేస్తే అరవొద్దు, ముందు నిలబడిన చోటికే వెళ్లండి.