కూడలిలో రోడ్‌సైడ్ యూనిట్‌కు ఊపిరాడనిది ఎందుకు?

ప్రశ్న: వాహనాలు తమ స్థానాన్నీ వేగాన్నీ రేడియో ద్వారా తెలియజేసుకొనే వ్యవస్థలో, కూడలి వద్ద అమర్చిన రోడ్‌సైడ్ యూనిట్‌కు (ఆ సందేశాలను వినే, తానూ పంపే రేడియో పరికరానికి) రద్దీ వేళల్లో చాలా సందేశాలు అందవని చదివాను. దాని ప్రసార శక్తిని పెంచితేనో, పక్కన మరో యూనిట్ పెడితేనో సరిపోదా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: సరిపోదు. మొదటి ఉపాయం పరిస్థితిని మరింత చెడగొట్టవచ్చు కూడా. ప్రసార శక్తి పెంచితే యూనిట్ మాట మరింత దూరం వెళ్లి మరిన్ని వాహనాలకు అడ్డు తగులుతుందే గాని, దాని వినికిడి మెరుగుపడదు. ఇరుకంతా యూనిట్‌లో కాదు, అందరూ పంచుకొనే ఛానల్‌లో, అంటే రేడియో తరంగాల పట్టీలో ఉంది. వాహనాల మధ్య వైర్‌లెస్ సంభాషణకు ఉద్దేశించిన ఐఈఈఈ 802.11పి ప్రమాణం ప్రకారం 10 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో సెకనుకు 6 మెగాబిట్ల వేగం వాడటం పరిపాటి. భద్రతా సంతకంతో (సందేశం నకిలీది కాదని చూపే డిజిటల్ ముద్రతో) కలిపి సందేశం 300 బైట్లు ఉంటుందనుకుంటే దానికి 0.4 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 10 సందేశాల చొప్పున 200 వాహనాలు పంపితే, ప్రతి సెకనులోనూ 0.8 సెకను వాటికే పోతుంది. సందేశాల మధ్య వదలవలసిన విరామాలను కలిపితే ఛానల్ నిండినట్టే.

కూడలిలో ఇంకో చిక్కు ఉంది. మూల మీది భవనాలు అడ్డు రావటం వల్ల రెండు రోడ్లలోని వాహనాలు ఒకదాని ప్రసారాన్ని మరొకటి వినలేక, ఛానల్ ఖాళీగా ఉందనుకొని ఒకేసారి పంపుతాయి. రెండింటినీ వినగల యూనిట్‌కు మాత్రం అవి కలగాపులగమై చేరతాయి. ఇవి అందరికీ ఉద్దేశించిన ప్రసారాలు కాబట్టి అందినట్టు రసీదు రాదు. సందేశం పోయిన సంగతి పంపిన వాహనానికి తెలియనే తెలియదు.

అందువల్ల అసలు మందు సందేశాల సంఖ్యను తగ్గించటమే. యూరప్ ప్రమాణంలో వాహనం 4 మీటర్లు కదిలినప్పుడో, దిశ 4 డిగ్రీలు మారినప్పుడో, వేగంలో సెకనుకు 0.5 మీటర్ల తేడా వచ్చినప్పుడో కొత్త సందేశం పుడుతుంది. ఏదీ మారకపోతే సెకనుకు ఒక్కటి చాలు. ఎర్రదీపం వద్ద ఆగిన వాహనాలు పదో వంతు మాత్రమే మాట్లాడతాయన్నమాట. నా దృష్టిలో కూడలికి ఇంతకన్నా తగిన నియమం లేదు. దీనికి తోడు, ఛానల్ ఎంతసేపు నిండి ఉంటున్నదో ప్రతి వాహనమూ కొలుచుకొని, దాన్నిబట్టి తన వంతును తగ్గించుకొనే పద్ధతి కూడా ఉంది. అయితే హఠాత్తుగా బ్రేకు వేసినప్పటి హెచ్చరికకు ఈ కోత వర్తించకూడదు.

యూనిట్ కూడా తన మాటను అదుపులో పెట్టుకోవాలి. సిగ్నల్ దీపాల స్థితిని తరచుగా పంపక తప్పదు గాని, కూడలి పటాన్ని సెకనుకు ఒకసారి పంపితే చాలు. పార్కింగ్ సమాచారం, సాఫ్ట్‌వేర్ నవీకరణల వంటివి మరో ఛానల్‌కో మొబైల్ నెట్‌వర్క్‌కో వెళ్లాలి. ఇక రెండో యూనిట్ సంగతి: అదే ఛానల్‌లో, అన్ని దిక్కులకూ వినే యాంటెనాతో పెడితే అది కూడా అదే గందరగోళాన్ని వింటుంది. ఒక్కొక్క రోడ్డు వైపు మాత్రమే వినే దిశాత్మక యాంటెనాలతో పెడితే కొంత ఫలితం ఉంటుంది.