చిలుక తప్పిపోయిన ఆ జపాన్ సినిమా పేరు ఇదే

ఒక జపాన్ సినిమా పేరు అడుగుతూ, గుర్తుగా ప్రింటింగ్ ప్రెస్, తప్పిపోయిన చిలుక, ఇంట్లో తిష్ట వేసిన అతిథి, నటుడు తదనోబు అసానో అన్నారు కదండీ. మీరు రెండు సినిమాలు కలిపేశారు.

మొదటి మూడూ కోజి ఫుకాదా తీసిన 'హాస్పిటాలిటే' (2010)లోవి. 'హాస్పిటాలిటీ' అని కొడితే దొరక్కపోతే, జపనీస్ పేరు 'కన్‌తై'తో వెతకండి. చిలుకను చూశానంటూ వచ్చిన అతిథి కగావా ఏకు మేకై కూర్చుంటాడు. ముందు ఉద్యోగం, తర్వాత మేడ మీద గది, ఆపై తన భార్య అన్నాబెల్‌నూ తెచ్చిపెడతాడు. చివరికి ఇల్లంతా విదేశీయులే!

అసానో ఉన్నది అదే దర్శకుడి 'హార్మోనియం' (2016). అందులోనూ ఇంట్లోనే వర్క్‌షాపు, పనికి చేరే అతిథి. కానీ అది నవ్వించదు, గుండె పిండేస్తుంది. తమాషా ఏంటంటే, 'హాస్పిటాలిటే'లో అతిథిగా వేసిన కాంజి ఫురుతాచి 'హార్మోనియం'లో ఇంటి యజమాని!