మల పరీక్ష నార్మల్, విరేచనాలు మాత్రం ఆగవు

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. మూడు నెలలుగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాడు. సీడీ4 కౌంటు (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) 90. నెల రోజులుగా రోజుకు ఏడెనిమిది సార్లు నీళ్ల విరేచనాలు. మెట్రోనిడజోల్ వాడినా తగ్గలేదు. మల పరీక్షలో ఏమీ లేదన్నారు. మందులు వేడి చేశాయని, ఆపేయమని చుట్టాలంటున్నారు. తాగేది బ్లీచింగ్ వేసిన నూతి నీళ్లే.
– ఓ సోదరి, గజపతినగరం

జవాబు: మందులు ఆపొద్దమ్మా. సీడీ4 ఇంత తక్కువున్నప్పుడు ముందు అనుమానించాల్సింది క్రిప్టోస్పోరిడియం, సిస్టోఐసోస్పోరా అనే పరాన్నజీవుల్ని. మామూలు మల పరీక్షలో ఇవి తరచూ దొరకవు. ‘మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్’ రంగు వేసి చూడాలని చీటీ మీద ప్రత్యేకంగా రాయించుకోండి. ఒక్కసారి చాలదు, వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలివ్వాలి. మూత్రం, నీళ్లు కలవకూడదు.

మెట్రోనిడజోల్ అమీబా, జియార్డియాలకు పనిచేస్తుంది. క్రిప్టోస్పోరిడియం, సిస్టోఐసోస్పోరాలకు కాదు. సిస్టోఐసోస్పోరా అయితే కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మందుతో సాధారణంగా లొంగుతుంది. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పాలి. క్రిప్టోస్పోరిడియంకు నమ్మదగ్గ మందు లేదు, సీడీ4 పెరగడమే అసలు వైద్యం. ఆపొద్దన్నది అందుకే.

బ్లీచింగ్ మంచిదే గాని, క్రిప్టోస్పోరిడియం గుడ్ల గట్టి పెంకును అది ఛేదించలేదు. నీళ్లు తెర్లాక ఒక నిమిషం మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చండి. చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి. లీటరు నీళ్లకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి, 24 గంటల్లో వాడేయాలి. గంజి, చోడి అంబలి ఆపనక్కర్లేదు. నోరు ఎండి, మూత్రం తగ్గితే, రక్తం పడినా, జ్వరం వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోరు: అతని హెచ్‌ఐవీ మందుల్లో డోలుటెగ్రావిర్ అనేది ఉంటే, యాంటాసిడ్, జింకు మాత్రలు దానికి 6 గంటల ముందో, 2 గంటల తర్వాతో వేసుకోవాలి. కలిపి మింగితే మందు ఒంటికి పట్టదు.

ప్రశ్న: నాకూ హెచ్‌ఐవీ ఉంది. ఊడుపులకు వట్టి కాళ్లతో దిగుతాను. ఉబ్బసానికి స్టెరాయిడ్ మాత్రలు రాస్తామంటున్నారు. ఫర్వాలేదా?
– ఆమదాలవలస నుంచి

జవాబు: బురదలో ఉండే స్ట్రాంగిలాయిడిస్ పురుగు పిల్లలు పాదాల చర్మంలోంచి లోపలికి పోతాయి. ఈ పురుగు ఒంట్లోనే సంతానం పెంచుకుంటూ ఏళ్ల తరబడి ఉంటుంది. స్టెరాయిడ్ పడితే విజృంభించి ఊపిరితిత్తులకు పాకి ప్రాణం మీదికి తెస్తుంది. వట్టి కాళ్లతో పని చేస్తారని డాక్టరుకు ముందే చెప్పండి. ఆల్బెండజోల్ ఒక్క మాత్ర దీనికి సరిపోదు. ఐవర్‌మెక్టిన్‌ను బరువు చూసి కిలోకు 200 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తారు. ఊడుపులకు మోకాళ్ల వరకు వచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి.